లెక్కలోకి రాని కూత

2025 మే 31, జూన్ 1 తేదీల్లో ముంబైలో ప్రో కబడ్డీ పన్నెండో సీజన్ వేలం జరిగింది. అందులో ప్రదీప్ నర్వాల్ పేరు చదివినప్పుడు ఏ జట్టూ చెయ్యెత్తలేదు. ఆ లీగ్ చరిత్రలో అందరికంటే ఎక్కువగా, 1,800కి పైగా రైడ్ పాయింట్లు తెచ్చినవాడు అతను. కొద్దిరోజుల్లోనే ఆట మానేస్తున్నట్టు ప్రకటించాడు. అదే వేలంలో దేవాంక్ దలాల్ అనే కుర్రాణ్ణి బెంగాల్ వారియర్స్ 2.205 కోట్లకి కొనుక్కుంది. అంతకు ఏడాది ముందు ఆ పేరు చెబితే చాలామంది “ఎవరతను?” అనేవాళ్ళు.

దేవాంక్ ఆ ఒక్క ఏడాదిలో కొత్తగా కూత నేర్చుకున్నాడా? అంతకుముందు అతను జైపూర్ పింక్ పాంథర్స్‌లో ఉన్నాడు. అక్కడ అతని ముందు అర్జున్ దేశ్వాల్ ఉన్నాడు. జైపూర్ కప్పు గెలిచిన 2022 సీజన్‌లో అర్జున్ ఒక్కడే 296 రైడ్ పాయింట్లు తెచ్చాడు. అలాంటివాడు బరిలో ఉండగా కుర్రాడికి వంతు ఎవరిస్తారు? 2024లో పట్నా పైరేట్స్‌కి వెళ్ళాక వంతులు దొరికాయి. 301 రైడ్ పాయింట్లతో సీజన్ మొత్తానికి మొదటివాడయ్యాడు. జట్టు ఫైనల్ దాకా వెళ్ళింది.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే. కొత్త ఆటగాడి పేరు పక్కన కనపడే చిన్న అంకె చాలాసార్లు వాడికి దొరికిన వంతుల లెక్క. దాన్ని మనం సత్తా లెక్కగా చదువుతాం. ఈ పొరపాటుకి అరవై ఏళ్ళ పైబడిన చరిత్ర ఉంది. అది మొదలైంది కబడ్డీలో కాదు, మన దేశంలోనూ కాదు. కానీ దాని తాకిడి మా కృష్ణా డెల్టా చివరి ఊళ్ళదాకా వచ్చింది.

ఊహాజట్ల పుట్టుక

1962లో అమెరికాలో బిల్ వింకెన్‌బాక్ అనే ఆయన, ఓక్లాండ్ రైడర్స్ ఫుట్‌బాల్ జట్టులో ఒక చిన్న వాటాదారు, ఇంకో ఇద్దరు ముగ్గురితో కూర్చుని ఒక కాలక్షేపం కనిపెట్టాడు. నిజం జట్లలోంచి తలా కొందరు ఆటగాళ్ళని ఎంచుకుని కాగితం మీద సొంత జట్టు కట్టుకోవడం, వారం వారం ఆ ఆటగాళ్ళు మైదానంలో ఏం చేస్తే దానికి పాయింట్లు వేసుకోవడం. మరుసటేడు, 1963లో, మొదటి ఎంపిక జరిగింది. ఇప్పుడు ఫాంటసీ ఫుట్‌బాల్ అని పిలిచే వ్యవహారం అక్కడ పుట్టింది.

అమెరికా ఫుట్‌బాల్ మనకి అలవాటైన ఫుట్‌బాల్ కాదు. అందులో రన్నింగ్ బ్యాక్ అనేవాడి పని చూస్తే చెడుగుడు ఆడినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. బంతిని పొట్టకి అదుముకుని, ఎదురుగా గోడకట్టి నిలబడ్డ మనుషుల మధ్యలోంచి సందు చూసుకుని దూసుకుపోవాలి. పట్టేవాళ్ళు ఎందరో, తప్పించుకునేవాడు ఒక్కడు. మన కూతగాడికీ అతనికీ తేడా ఒకటుంది: అతని ముందు సొంత జట్టువాళ్ళు దారి తీస్తారు. వాళ్ళు దారి తియ్యకపోతే ఎంతటి మొనగాడైనా రెండడుగుల్లో కింద పడతాడు.

1963 నాటి ఆ మొదటి ఎంపికలోనే ఒక తమాషా జరిగింది. అందరికంటే ముందు పలికిన పేరు జార్జ్ బ్లాండాది. రన్నింగ్ బ్యాక్ జిమ్ బ్రౌన్ పేరు తర్వాత వచ్చింది. ఆ ఏడాదే బ్రౌన్ 1,863 గజాలు పరిగెత్తి అప్పటికి కొత్త రికార్డు పెట్టాడు. ఆటలో మునిగితేలే మనుషులే అక్కడ కూర్చున్నారు. అయినా లెక్క తప్పింది. బ్రౌన్ అప్పటికే పేరున్నవాడు. పేరు లేనివాళ్ళ సంగతి ఇంక చెప్పేదేముంది?

టెరెల్ డేవిస్ కథ అందుకు ఉదాహరణ. 1995లో కాలేజీ ఆటగాళ్ళని జట్లు వరసగా ఎంచుకున్నప్పుడు అతని పేరు 196వది. కాలేజీలో గాయాలు తగిలాయి, ఆడింది తక్కువ. కాబట్టి కాగితం మీద అతని అంకెలు చిన్నవి. డెన్వర్ జట్టు ఆరో విడతలో తీసుకుంది. ఆ వేసవిలో టోక్యోలో జరిగిన సన్నాహక మ్యాచ్‌లో బంతి పట్టుకోవడానికి కాదు, అవతలి జట్టు బంతి తెచ్చేవాణ్ణి అడ్డుకోవడానికి దింపారు. వెళ్ళి ఒక్క గుద్దు గుద్దాడు. దాంతో శిక్షకుల కళ్ళు అటు తిరిగాయి. మొదటి ఏడాదే వెయ్యి గజాలు దాటాడు. 1998లో 2,008 గజాలు పరిగెత్తాడు. 2017లో ఆ ఆట మహామహుల మందిరంలో చోటు సంపాదించాడు.

ఇందులో నాకు ముఖ్యమనిపించేది ఆ గుద్దు. అతని అసలు విద్యకి దానితో సంబంధం లేదు. కానీ ఆ పూట అతనికి ఇచ్చిన పని అదొక్కటే. ఆ పని ఎలా చేశాడో చూసిన కన్ను ఒకటి అక్కడ ఉంది కాబట్టి మిగతా కథ నడిచింది.

చచ్చి బతికే ఆట

ఇప్పుడు మన ఆట దగ్గరికి వద్దాం. చెడుగుడులో పాతకాలం నుంచీ మూడు రకాలు చెప్తారు: సంజీవని, గామినీ, అమర్. అమర్‌లో అవుటైనవాడు బయటికి పోడు, ఆడుతూనే ఉంటాడు. గామినీలో పోయినవాడు పోయినట్టే, జట్టంతా పోయేదాకా మళ్ళీ రాడు. సంజీవనిలో మనవాడు అవతలి వాళ్ళలో ఒకణ్ణి చంపితే మనలో చచ్చినవాడొకడు బతికి బరిలోకొస్తాడు. ఇప్పుడు టీవీలో చూసే కబడ్డీ ఈ సంజీవని రకానిదే.

ఈ నియమం వినడానికి చిన్నదే. కూతగాడి విలువ కట్టడంలో మాత్రం దీన్ని మించింది లేదు. కూతకెళ్ళి దొరికిపోయినవాడు బయట కూర్చోవాలి. మళ్ళీ ఎప్పుడు లోపలికొస్తాడన్నది వాడి చేతిలో ఉండదు, మిగతావాళ్ళు తెచ్చే పాయింట్ల మీద ఉంటుంది. మంచి జట్టులో ఉన్నవాడు రెండు నిమిషాల్లో బతుకుతాడు. నాసి జట్టులో ఉన్నవాడు అరసాగం ఆట బల్ల మీదే గడుపుతాడు. ఇద్దరి సత్తా ఒకటే అనుకోండి, పొద్దుగూకేసరికి ఒకడి పేరు పక్కన పన్నెండు, ఇంకొకడి పక్కన నాలుగు.

ఇంకో లెక్క చూడండి. మ్యాచ్ 40 నిమిషాలు. కూతకి 30 సెకన్లు. అంటే మొత్తం 80 కూతలు, జట్టుకి 40 చొప్పున. పేరున్న కూతగాడు అందులో సగం తీసుకుంటే రెండోవాడికి పది పన్నెండు, మిగిలినవి మూడోవాడికి. కొత్తగా వచ్చినవాడు ఆ మూడోవాడి తర్వాత నిలబడతాడు.

వాడికి దొరికే కూతలు కూడా ఎలాంటివి? వరసగా రెండు కూతలు ఖాళీగా తిరిగొస్తే మూడోదానికి పాయింటు తేవాలి, లేదా చావాలి. దాన్ని ‘డూ ఆర్ డై’ అంటారు. పెద్దవాణ్ణి పోగొట్టుకోవడం ఎందుకని చాలా జట్లు ఆ కూతకి మూడోవాణ్ణి తోస్తాయి. వాడు దొరికిపోతే నష్టం తక్కువ కదా. ఆ తర్వాత సీజన్ చివర్లో పట్టికలో “వెళ్ళిన కూతలు ఇన్ని, దొరికిపోయినవి ఇన్ని” అని రాస్తారు. ఏ కూతకి పంపారో ఆ పట్టికలో ఉండదు.

అందుకని ఎవరికీ పట్టని కుర్రాణ్ణి అంచనా వెయ్యాలంటే నేను కొన్ని ప్రశ్నలు అడుగుతాను. ఎన్ని కూతలు వెళ్ళాడు? వాటిలో ఎన్ని చావో రేవో కూతలు? అవతల ఏడుగురున్నప్పుడు వెళ్ళాడా, ముగ్గురున్నప్పుడా? ఆరుగురు అంతకంటే ఎక్కువ ఉంటేనే బోనస్ గీత పనిచేస్తుంది. ముగ్గురు అంతకంటే తక్కువుంటే పట్టినవాళ్ళకి అదనంగా ఇంకో పాయింటు. కాబట్టి బరిలో ఎందరున్నారన్నదాన్ని బట్టి కూత స్వభావమే మారిపోతుంది. చివరి ప్రశ్న: కూత లేనప్పుడు వాడు ఏం చేస్తున్నాడు? గొలుసులో చెయ్యి పట్టుకుని సరిగ్గా నిలబడుతున్నాడా, లేక వాడున్న వైపే అవతలివాడు పదేపదే వస్తున్నాడా? అమెరికాలో కొత్త రన్నింగ్ బ్యాక్‌ని చాలాసార్లు పక్కన కూర్చోబెట్టేది పరుగు రాక కాదు, తన జట్టు బంతి విసిరేవాణ్ణి కాపాడటం రాక. ఇక్కడా అంతే. పట్టడం రానివాణ్ణి బరిలో ఉంచడానికి శిక్షకుడు భయపడతాడు. లోపల లేనివాడికి కూత రాదు.

పవన్ సెహ్రావత్ ఈ ప్రశ్నలన్నీ దాటుకుని వచ్చినవాడే. మొదట బెంగళూరులోనూ, 2017లో గుజరాత్‌లోనూ అతనికి దొరికిన వంతులు కొన్నే. ఆ ఏడాది గుజరాత్‌లో కూతలన్నీ ముందు సచిన్ తన్వర్‌కి. 2018లో బెంగళూరుకి తిరిగొచ్చాక 271 రైడ్ పాయింట్లు తెచ్చాడు. 2019 జనవరి 5న గుజరాత్ మీదే జరిగిన ఫైనల్లో ఒక్కడే 22 తెచ్చి కప్పు గెలిపించాడు. ఏ జట్టు వదులుకుందో ఆ జట్టు మీదే.

పాలపళ్ళ విభాగం

మా జిల్లాలో కొత్తవాళ్ళని అంచనా వేసే పద్ధతులు రెండున్నాయి. రెండూ సంక్రాంతికే కనపడతాయి. ఒకటి కోడిపందెం. పుంజు రంగు చూసి కాకి అంటారు, డేగ అంటారు, నెమలి అంటారు, పర్ల అంటారు. ఏ రోజు, ఏ గడియలో, ఏ దిక్కు నుంచి వదిలితే ఏ రంగు గెలుస్తుందో చెప్పడానికి కుక్కుట శాస్త్రం ఉంది. చట్టం ఒప్పుకోని పందెం అది. ఇక్కడ నేను దాన్ని తలుచుకునేది ఆ చూపు కోసం. అప్పటిదాకా ఒక్క పందెం కూడా ఆడని పుంజు మీద డబ్బు కాసేవాడికి లెక్క అంటూ ఏదీ ఉండదు, ఆనవాళ్ళే ఉంటాయి. కబడ్డీ వేలంలో కొత్త కుర్రాడి ఎత్తు, తొడల బలం, ఏ రాష్ట్రం నుంచి వచ్చాడన్నది చూసి పాట పాడేవాళ్ళు కూడా ఈ శాస్త్రం చదువుకున్నవాళ్ళే అనిపిస్తుంది నాకు. హర్యానా అంటే డేగ, ఆంధ్రా అంటే ఇంకేదో.

రెండోది ఎడ్ల బండలాగుడు. గుడివాడలో పెద్ద ఎత్తున జరిగిన పోటీలు చూసినవాళ్ళకి తెలుసు, అక్కడ ఎడ్లని వయసు కొద్దీ విడదీస్తారు. వయసు తెలిసేది పళ్ళని బట్టి. పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన జూనియర్లు, సీనియర్లు. ఒక్కో విభాగానికి బండ బరువు వేరు. ఆ విభాగంలో అందరికీ అదే బండ, అదే బరి, అంతే సమయం. చివరికి ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. నిన్న మొన్న కాడి కింద మెడ పెట్టిన గిత్తని ఎవరూ ఆరు పళ్ళ ఎద్దుతో పోల్చి తీసిపారెయ్యరు.

వంతు సమానంగా ఇచ్చి, తర్వాత కొలవడం. మా రైతులు ఎడ్లకి ఇచ్చిన ఈ న్యాయం మనుషుల ఆటల్లో చాలాచోట్ల కొత్త కుర్రాడికి దొరకదు.

లెక్క ఉన్నా చదవకపోతే

వంతులు దొరికి, లెక్క చక్కగా రాసిపెట్టి ఉన్నా కొన్నిసార్లు చదివేవాళ్ళు ఉండరు. విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2017-18లో పదహారేళ్ళ లోపు పిల్లల విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1,237 పరుగులు చేశాడు. అందులో నాగాలాండ్ మీద ఒకే ఇన్నింగ్స్‌లో 441. బోర్డు ఆ ఏడాది ఆ వయసువాళ్ళలో ఉత్తమ ఆటగాడని బహుమతి కూడా ఇచ్చింది. అయినా 2023 ఐపీఎల్‌కి సన్‌రైజర్స్ హైదరాబాద్ అతన్ని తీసుకున్నది 20 లక్షలకి. ఆ సీజన్‌లో దొరికినవి రెండు మ్యాచ్‌లు. 2024లో వంతు దొరికింది. 303 పరుగులు చేసి ఆ సీజన్ వర్ధమాన ఆటగాడి బహుమతి అందుకున్నాడు. 2025కి ముందు ఆ జట్టే అతన్ని 6 కోట్లకి అట్టేపెట్టుకుంది. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో ఎనిమిదో స్థానంలో దిగి 114 కొట్టాడు. కొడుకు ఆట కోసం హిందుస్థాన్ జింక్ ఉద్యోగం వదులుకున్న తండ్రి ఆ రోజు మైదానంలో కళ్ళనీళ్ళు పెట్టుకోవడం దేశమంతా చూసింది. ఆయన చేసిన అంచనాకి అంతకంటే పెద్ద పందెం ఏముంటుంది?

ఇక్కడ ఎదురువాదన ఒకటి వినాలి. “నువ్వు గెలిచినవాళ్ళ కథలే చెప్తున్నావు. పక్కన కూర్చున్న ప్రతివాడూ దేవాంక్ అవుతాడా?” అవడు. పక్కన కూర్చోబెట్టినవాళ్ళలో ఎక్కువమందిని సరిగ్గానే కూర్చోబెట్టి ఉంటారు. నాలుగు కూతల్లో మూడు పాయింట్లు తెచ్చాడని నలభైలో ముప్ఫై తెస్తాడనుకోవడం కూడా అమాయకత్వమే. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు. కుండలో మెతుకులన్నిటికీ ఒకే మంట తగిలింది కాబట్టి అక్కడ ఆ మాట చెల్లుతుంది. కూతలన్నిటికీ ఒకే మంట తగలదు. అందుకని నేను అడిగేది కుర్రాణ్ణి ఆకాశానికెత్తమని కాదు, తీర్పు చెప్పేముందు ఇంకో పది మెతుకులు చూడమని.

వంతు లెక్క మర్చిపోతే ఖరీదైనవాడి విషయంలోనూ దెబ్బతింటాం. 2023లో తెలుగు టైటాన్స్ ఇదే పవన్‌ని 2.605 కోట్లకి కొంది. అప్పటికి ఆ లీగ్‌లో అంత ధర ఎవరికీ పలకలేదు. అతను పాయింట్లు తెచ్చాడు. జట్టు మాత్రం 22 మ్యాచ్‌ల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. అతన్ని బతికించి లోపలికి తెచ్చేవాళ్ళు, అతను తెచ్చిన ఆధిక్యాన్ని కాపాడేవాళ్ళు సరిపడా లేరు. ఒక్క కూతగాడితో చెడుగుడు గెలవదు. ఒక్కడి ధరతో జట్టు విలువ తేలదు.

తెలివా, అదృష్టమా?

ఆటగాడి మీద అంచనా కట్టడం తెలివితో చేసే పనా, జూదమా అన్న తగువులో తెలుగువాళ్ళకి పెద్ద పాత్రే ఉంది. 1963లో సికింద్రాబాదులో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. లోపల రమ్మీ ఆడుతున్నారు. హైదరాబాద్ జూద చట్టం కింద పెట్టిన ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1967 నవంబరులో తీర్పొచ్చింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తేల్చుకోవాలి కాబట్టి రమ్మీలో ప్రధానమైనది నేర్పు అని, మూడుముక్కలాటలా ఉత్త అదృష్టం కాదని న్యాయమూర్తులు తేల్చారు. 2008లో మొదలైన డ్రీమ్11 లాంటి ఊహాజట్ల కంపెనీలు తర్వాత కోర్టుల్లో నిలబడ్డ వాదనకి వేళ్ళు ఆ తీర్పులోనూ ఉన్నాయి.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేశాక డ్రీమ్11 డబ్బు పోటీలు ఆపేసింది. ఇళ్ళు గుల్లయిన కథలు ప్రతి ఊళ్ళోనూ వినపడుతున్నప్పుడు ఆ నిషేధాన్ని నేను తప్పుపట్టలేను. అంచనా కట్టడంలో నేర్పు ఉన్నమాట నిజమే. ఆ నేర్పు లక్షమందిలో ఏ కొద్దిమందికో ఉంటుంది. డబ్బు మాత్రం లక్షమందీ కడతారు.

ఆ తగువంతా అంచనా కట్టేవాడి గురించే నడిచింది. వాడు తెలివైనవాడా, జూదరా, వాడి డబ్బు ఏమవుతుంది అని. ఎవరిమీద అంచనా కడుతున్నారో ఆ కుర్రాడి గురించి ఎవరూ అడగలేదు. తప్పుడు అంచనా వల్ల కట్టినవాడికి పోయేది నలభైతొమ్మిది రూపాయలో, నాలుగువేలో. కుర్రాడికి పోయేది రెండేళ్ళు. కూతగాడి ఒంటికి మహా అయితే పదేళ్ళ ఆయుష్షు. అందులో రెండేళ్ళు బల్ల మీద గడిస్తే మిగిలేదెంత?

డెల్టా చివర

కోడూరు కృష్ణా డెల్టాకి చివరి ఊళ్ళలో ఒకటి. ఇంకాస్త ముందుకెళ్తే హంసలదీవి, ఆపైన సముద్రం. దివిసీమలో చెడుగుడు కొత్తది కాదు. కోతలయ్యాక చేలో గీతలు గీసుకుని ఆడినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఫలానావాడు కూతకొస్తే గీత దాటి వెనక్కి పోవడం ఖాయమని ఇప్పటికీ చెప్పుకుంటారు. అవి చెప్పుకోవడమే. ఏ ఏడు, ఎవరి మీద, ఎన్ని కూతల్లో ఎన్ని? ఒక్క కాగితం లేదు.

2023 డిసెంబరు 26న మొదలైన ‘ఆడుదాం ఆంధ్రా’ పోటీల్లో కబడ్డీ కూడా ఉంది. గ్రామ సచివాలయం స్థాయి నుంచి రాష్ట్రస్థాయి దాకా, 2024 ఫిబ్రవరిలో విశాఖలో ముగిసేదాకా నడిచింది. మా వైపు పిల్లలు కూడా బనీన్లు వేసుకుని బరిలోకి దిగారు. ప్రభుత్వాలు మారుతుంటాయి, పథకాల పేర్లు మారుతుంటాయి. అలాంటిది మళ్ళీ జరిగినా, స్కూలు పోటీలైనా, తిరునాళ్ళ పోటీలైనా, నేను కోరుకునేది చిన్న పని. గెలిచిన జట్టు పేరూ, మొత్తం పాయింట్లూ రాసి ఊరుకోకుండా, ప్రతి కూతకీ ఒక గీత గియ్యాలి. ఎవరు వెళ్ళారు, అవతల ఎందరున్నారు, ఖాళీనా, పాయింటా, చావా. మ్యాచ్‌కి ఎనభై గీతలు. రూళ్ళ నోటుబుక్కులో రెండు పేజీలు. పదో తరగతి పిల్లాడైనా రాయగలడు.

అది రాసిపెడితే కోడూరు నుంచి రేపే ఒక దేవాంక్ పుడతాడని కాదు. కానీ మూడోవాడిగా నిలబడి, చావో రేవో కూతలకి మాత్రమే వెళ్ళి, మ్యాచ్‌కి రెండు పాయింట్లతో తిరిగొచ్చే కుర్రాడు ఒకడుంటాడు. జిల్లా ఎంపికలకి మచిలీపట్నం వెళ్ళినప్పుడు వాణ్ణి “ఎన్ని పాయింట్లు?” అని అడుగుతారు. “రెండు” అంటాడు. ఆ నోటుబుక్కు చేతిలో ఉన్న మేష్టారెవరైనా పక్కనుంటే, “ఎన్ని కూతల్లోనో అడగండి సార్” అంటాడు.